మొండత్త కింది తోట

ఆమెను మొండత్త అని మొదట పిలిచింది అన్న పిల్లలు. అత్త కాబట్టి అత్త, చెప్పిన మాట వినదు కాబట్టి మొండి. పిల్లలు సరదాకి పెట్టిన పేరు కదా అని ఊరుకుంటే అది గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళింది, వీధిలోంచి ద్రాక్ష రైతుల సంఘం షెడ్డులోకి వెళ్ళింది, ఆఖరికి తిరిగి తిరిగి సొంత ఇంట్లోకే వచ్చింది. ఇప్పుడు కట్టుకున్న మొగుడు కూడా ముందుగదిలో కుట్టు మిషను దగ్గర కూర్చుని, "మొండత్తా, కాసిని మంచినీళ్ళు" అని కేకేస్తాడు. "పెళ్ళాన్ని అత్తా అని పిలిచే మొగుడు లోకం మొత్తం మీద మీరొక్కరే" అని ఆమె విసుక్కుంటుంది. విసుక్కుంటుంది గానీ ఆ పేరంటే ఆమెకు లోపల్లోపల ఇష్టమే. ఆ ఇష్టాన్ని దాచుకోవడం కూడా ఆమెకు చేతకాదు.

మనిషి కురచ. యాభై దాటాయి. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతుంటుంది, అందులో తీగలు కత్తిరించే కత్తెర. ఆ సంచి మొగుడు కుట్టిచ్చిందే, ఎవరో కొలతలిచ్చి మళ్ళీ రాని పెద్దమనిషి ప్యాంటు గుడ్డతో. గొంతు మాత్రం మనిషికి నాలుగింతలు. తోటలో ఈ చివర నిలబడి తిడితే ఆ చివర ఉన్నవాడు తలదించుకోవాల్సిందే.

తోట ఒకే వాలు మీద రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో ట్రాక్టరు పట్టేంత దారి. పై తోట అన్నది, కింది తోట ఆమెది. కాగితాల మీద మాత్రం రెండూ కలిసే ఉన్నాయి. తండ్రి పోయేముందు పంచలేదు, తర్వాత వీళ్ళూ పంచుకోలేదు. బావి పై తోటలో ఉంది, మోటారు స్విచ్చి అన్న చేతిలో ఉంది. పైగా అతను రైతుల సంఘానికి అధ్యక్షుడు. అతని మాట ఇంట్లో చెల్లుతుంది, షెడ్డులో చెల్లుతుంది, వీధిలో చెల్లుతుంది. చెల్లని చోటు ఏదైనా ఉందంటే అది కింది తోటే.

వాళ్ళ తండ్రికి శుభ్రం పిచ్చి. వరుసల మధ్య గడ్డిపోచ కనిపిస్తే ఆ పూట ముద్ద దిగేది కాదు. "తోటంటే నట్టిల్లులా ఉండాలి" అనేవాడు. దున్నడం, పీకడం, పీకగా మిగిలినదాని మీద మందు కొట్టడం. ఆయనొక్కడే కాదు, ఆ చుట్టుపక్కల ద్రాక్ష రైతులందరిదీ అదే తీరు. కొత్తగా వచ్చిన కోడలికి ముందు గడ్డి పీకడం నేర్పేవాళ్ళు, పొయ్యి సంగతి ఆ తర్వాత. గుత్తుల చుట్టూ ఆకులు కూడా దూసేసేవాళ్ళు, ఎండ బాగా తగిలి రంగు రావాలని. మొండత్తా అలాగే పెరిగింది, అలాగే చేసింది, చాలా ఏళ్ళు చేసింది.

తర్వాత ఎండలు మారాయి. ద్రాక్షకు ఎండ కొత్త కాదు, ఎండ లేనిదే ద్రాక్షే లేదు. కానీ ఈ మధ్య వచ్చేవి ఆ ఎండలు కావు. సరిగ్గా కాయ మెత్తబడి రంగు తిరిగే రోజులు చూసుకుని వడగాలి దిగుతుంది. పొద్దున ముత్యాల్లా ఉన్న గుత్తి సాయంత్రానికి ఉడికిపోయి వేలాడుతుంది. వాన సంగతి చెప్పనే అక్కర్లేదు. రమ్మన్నప్పుడు రాదు, వచ్చాక ఆగదు. ఒక ఏడు అలా కురిసిన వాన నట్టిల్లులాంటి ఆ తోటను నున్నగా కడిగి, మట్టినంతా కింద రోడ్డు మీదికి దింపేసింది.

వాన వెలిశాక మొండత్త చీపురూ గంపా పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళింది. మట్టి ఊడ్చింది, గంపకెత్తింది, మోసుకెళ్ళి తీగల మొదట్లో పోసింది, మళ్ళీ వచ్చింది. వచ్చేపోయే బళ్ళు హారన్లు కొడుతుంటే పక్కకు జరిగింది గానీ పని ఆపలేదు. అన్న మోటారుసైకిలు ఆపాడు.

"ఏమే, రోడ్లు ఊడుస్తున్నావు? మునిసిపాలిటీలో ఉద్యోగం వచ్చిందా?"

"నాన్న మట్టి ఊడుస్తున్నా అన్నయ్యా. ఇందులో నీది కూడా ఉంది. కావాలంటే నువ్వూ ఓ చీపురు తెచ్చుకో."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు. ఆ మట్టి చేసుకోవడానికి తండ్రికి ఒక జీవితం పట్టింది, పోవడానికి ఒక పూట చాలింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "ఇక నేను చచ్చినా దున్నను" అని మొగుడితో చెప్పింది. ఆయన నోట్లో ఉన్న గుండుసూదులు తీసి, "ఎవరు దున్నమన్నారు, అన్నం పెట్టు" అన్నాడు.

ఆ చలికాలం వరుసల మధ్య ఓట్స్ గింజలూ బఠాణీలూ ఆవాలూ కలిపి చల్లింది. మోకాలెత్తు పెరిగాక కోయలేదు, పీకలేదు. ఒక పాత ఇనప డ్రమ్ములో నీళ్ళు నింపి, ఇరుసు బిగించి, దొర్లించి ఆ పైరును నేలకు పడుకోబెట్టింది. పడుకున్న పైరు ఎండి చాపలా నేలను కప్పింది. డ్రమ్ము లాగింది ఎవరనుకున్నారు? కుట్టు మాస్టారే. "టైలరని చేసుకుని ఎద్దుని చేశావు కదే" అని ఆయన దారి పొడుగునా సణిగాడు. కత్తిరించిన కొమ్మలను ఇదివరకు తగలబెట్టేవాళ్ళు, ఆమె ముక్కలు చేసి తీగల మొదట్లో పరిచింది. పడమటి వైపు ఆకులు దూయడం మానేసింది. గుత్తికి కాస్త నీడ ఉంటే తప్పేమిటని ఆమె వాదన.

మొదటి రెండేళ్ళు తిట్లు తప్ప ఏమీ కాయలేదని సంఘంలో ఒక జోకు ఉండేది. అందులో నిజం లేకపోలేదు. పైరును ఎప్పుడు పడుకోబెట్టాలో ఆమెకు తెలియలేదు. ఆలస్యం చేసింది, తీగలు తాగాల్సిన నీళ్ళు గడ్డి తాగింది, ఆకులు పసుపు తిరిగాయి. తోట పక్కన ఎవరు నడిచినా ముక్కున వేలేసుకునేవాళ్ళు. "నాన్న ఉంటే ఈ గడ్డి చూసి గుండాగి పోయేవాడు" అని అన్న అన్నాడు. "నాన్న ఉంటే ఈ ఎండ చూసి ఆయనే విత్తనాలు చల్లేవాడు" అని ఆమె అంది. తర్వాత్తర్వాత అదును తెలిసింది. మట్టి మెత్తబడింది, చెయ్యి పెడితే చల్లగా తగిలేది, వానపాములు తిరిగొచ్చాయి. కాపు మళ్ళీ కుదురుకుంటోంది అనుకుంటున్న సమయంలో బావి మొండికేసింది.

నీళ్ళు కిందికి పోయాయి. మోటారు నీటికి బదులు గాలి పీల్చడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్న చెల్లెలి ఇంటికి వచ్చి, కుట్టు మిషను పక్కన ముక్కలు పరిచిన బల్ల మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. వెంట వదిన కూడా వచ్చింది. విషయం చిన్నది కాదని అప్పుడే అర్థమైంది.

"నీళ్ళ గుంట తవ్వాలి" అన్నాడు అన్న. "పెద్దది. అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి వాన నీళ్ళు పట్టుకుంటే, ఎండల్లో పైకి తోడుకోవచ్చు. వాలు మీద నీళ్ళు చేరేది కిందికే కాబట్టి అది కింది తోటలోనే తవ్వాలి."

"కింది తోటలో ఎక్కడ?"

"ఎక్కడేమిటి, కింది తోటే. ఆ తీగల పని అయిపోయిందే. ఉన్నదాంట్లో పై తోటనైనా బతికించుకుందాం. పండింది ఇద్దరం పంచుకుందాం, నీకేం అన్యాయం చెయ్యను."

అన్యాయం చేస్తాడని ఆమె అనుకోలేదు. అన్న మంచివాడే. అదే ఆమెకు ఇంకా మంట. చెడ్డవాడైతే నాలుగు తిట్టి తలుపేసేది. మంచివాడు, నెమ్మదిగా కూర్చుని, ఆమె చేత్తో పెంచిన తోటను గుంట చేస్తానంటున్నాడు. మొహం ఎర్రబడి ఆమె లేచి నిలబడింది.

"ఈ ఏడు కింది తోట కాపు ఇవ్వకపోతే నువ్వే తవ్వుకో. నేను అడ్డురాను. ఇస్తే మాత్రం మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. వదినా, నువ్వు విన్నావు. ఏమండీ, మీరూ విన్నారు."

"మిషను చప్పుడులో సరిగ్గా వినపడలేదు" అన్నాడు మొగుడు, ఆమె నోరు జారిందని కంగారుపడి. కానీ మిషను అప్పటికి ఆగి చాలాసేపైంది. అందరూ విన్నారు.

ఆ చలికాలం తోటలోకి గొర్రెలు దిగాయి. ద్రాక్ష ఆకు రాల్చి నిద్రపోయే రోజుల్లో గొర్రెల్ని వరుసల మధ్య వదిలితే గడ్డి మేస్తాయి, ఎరువు వేస్తాయి, ఎండు తీగ జోలికి పోవు. మంద తాత అనే ముసలి కాపరి రెండేళ్ళుగా తన మందను అలా కింది తోటలోకి తోలుతున్నాడు. అయితే కణుపుల దగ్గర మొగ్గలు కదిలేలోపల మంద బయటికి పోవాలి. ఆ అదును ఒకసారి తప్పితే ఇక అంతే.

ఒకరోజు తాత ఒక తీగను వేలితో తడిమి చూసి, "అమ్మాయ్, కణుపులు ఉబ్బుతున్నట్టున్నాయి. మందను తీసేస్తా" అన్నాడు.

"ఇంకో వారం ఉండనీ తాతా. చలి వెనక్కి పోనిదే మొగ్గ విచ్చదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా, నాకు చెప్తావా?"

"ఈసారి చలి ఎక్కడుందమ్మా? నేను కంబళి కప్పుకోనే లేదు."

"వారం అన్నానా?"

ఆమె మొండితనం గురించి ఎన్ని మంచి మాటలైనా చెప్పొచ్చు గానీ, ఆ రోజు చేసింది మాత్రం శుద్ధ పొరపాటు. ఎండలు మారాయని ఊరందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పిన మనిషి, చలి కూడా మారి ఉంటుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. తండ్రినాటి లెక్కలన్నీ పనికిరావని అన్నతో పోట్లాడుతూనే, తండ్రినాటి అదునునే పట్టుకుని కూర్చుంది.

మూడోనాడు పొద్దున వెళ్ళేసరికి రాతిగోడ పక్కనున్న వరుసలన్నీ నున్నగా ఉన్నాయి. వెచ్చని గోడ పక్కన ముందుగా విచ్చిన లేత చిగుళ్ళను మంద వరసపెట్టి కొరికేసింది. తోటలో దాదాపు మూడోవంతు. ఒక గొర్రె ఇంకా ఒక చిగురు నములుతూ, ఏం కావాలన్నట్టు ఆమె వంకే చూస్తోంది. తాత ఏమీ అనకుండా గొర్రెల్ని తోలుకుపోయాడు. ఆయన ఒక్క మాటన్నా అని ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

కబురు తెలిసి అన్న దారి మీదికి వచ్చి నిలబడ్డాడు. మొదట నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత నవ్వు దానంతటదే ఆగింది. "గొర్రెలకు పెట్టుకున్నావా తోటను? నాన్న పెట్టిన తీగలే అవి" అన్నాడు.

"చిగురే తిన్నాయి, వేరు తినలేదు."

"జేసీబీ వాడితో మాట్లాడేస్తాను. ఇంక దేనికోసం చూడటం?"

"కాపు రోజులు రానీ. మాట మాటే. నువ్వు వెళ్ళు."

అతను వెళ్ళాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుని గట్టిగా ఏడ్చింది. ఏడుపు అయిపోయాక ముక్కు చీది, మిగిలిన పైరును పడుకోబెట్టడానికి డ్రమ్ములో నీళ్ళు నింపింది.

తీగకు ఒక గుణం ఉంది. మొదటి మొగ్గ పోతే దాని పక్కనే నిద్రపోతున్న మరో మొగ్గ కళ్ళు తెరుస్తుంది. ఆలస్యంగా తెరుస్తుంది, తక్కువ గుత్తులతో తెరుస్తుంది, కానీ తెరుస్తుంది. గొర్రెలు కొరికిన వరుసల్లో అలాగే జరిగింది. పక్క వరుసలు పూతకొచ్చేనాటికి ఇవి ఇంకా ఆకులు తొడుగుతున్నాయి. చూసినవాళ్ళు జాలిపడ్డారు. ఆమెకు జాలి కంటే నవ్వే నయమనిపించింది.

ఆ వేసవి వడగాలి మునుపెన్నడూ లేనంతగా వీచింది. పై తోటలో దున్నిన నేల పెనంలా కాలింది. ఆకులు దూసిన గుత్తులకు దాక్కోవడానికి నీడ లేదు. రంగు తిరిగిన కాయలు ముడుచుకుపోయి గోధుమరంగు బారాయి. కింది తోటలో గడ్డి చాప ఉన్నందుకు నష్టం తక్కువే గానీ, పడమటి వైపు గుత్తులు అక్కడా మాడాయి. గడ్డి వేసుకుంటే చాలు అన్నీ సర్దుకుంటాయని ఆమె అనుకున్నది తప్పని తేలింది. ఆ విషయం ఎవరితోనూ అనలేదు, మొగుడితో తప్ప.

చెక్కుచెదరనివి గోడ పక్క వరుసలే. వడగాలి వచ్చినప్పుడు ఆ కాయలు ఇంకా రాళ్ళలా గట్టిగా, పచ్చిగా ఉన్నాయి. గాలి వాటిని పట్టించుకోకుండా వెళ్ళిపోయింది. అవి మెత్తబడి రంగు తిరిగేసరికి ఎండ తగ్గింది, సాయంత్రాలు చల్లబడ్డాయి. గుత్తులు తక్కువే. కానీ ఉన్న గుత్తి ఉన్నట్టు నిండుగా, తొక్క బిగువుగా, తింటే నాలుక మీద కాస్త పులుపు కూడా నిలిచేలా ఉంది. అలాంటి రుచి తగిలి చాలా ఏళ్ళైందని సంఘం షెడ్డులో గంపలు దించేవాళ్ళే అన్నారు. వాళ్ళలో ఒకడు, "మొండత్త ముందే కనిపెట్టి కావాలని గొర్రెల్ని తోలిందిరా" అన్నాడు.

"నేనేం కనిపెట్టలేదు" అని షెడ్డు అదిరేలా అరిచింది ఆమె. "నేను తప్పు చేశాను, గొర్రెలు తిన్నాయి. కనిపెట్టిందేమైనా ఉంటే అవే కనిపెట్టాయి. పోయి వాటికి దండ వెయ్యండి."

అన్న ఆమె గంపల వంక చూసి, "ఇదొక కాపా? షెడ్డులో ఓ మూలకి రాలేదు" అన్నాడు.

"నీ గంపలు అసలు షెడ్డు దాకా వచ్చాయా?"

అతని మొహం పాలిపోయింది. అనకూడని మాట అన్నానని ఆమెకు తెలుసు, అయినా వెనక్కి తీసుకోలేదు. వదిన మధ్యలోకి వచ్చి, "ఇద్దరూ ఆపండి. ఇంకో ఏడు చూడండి" అంది. అన్న ఆమె గంపలోంచి ఒక కాయ తుంచి నోట్లో వేసుకున్నాడు.

"సరే, ఇంకో ఏడు. కానీ ఈసారి తోట నిండా కాయాలి. ఓ మూలా, ఓ గోడ పక్కా అంటే కుదరదు. లేకపోతే నువ్వు వద్దన్నా తవ్వుతాను."

"తవ్వుకో."

ఆ చలికాలమంతా ఆమె మనసులో ఒకటే తిరిగింది. గొర్రెలు తెలియక చేసింది మనిషి తెలిసి చేస్తే? మొదటి చిగుళ్ళు పెరగనిచ్చి, పూగుత్తులు కనిపించాక వాటిని కోసేస్తే, తీగ మళ్ళీ మొదలుపెడుతుంది. కాయ మెత్తబడేసరికి వడగాలి వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. గుత్తులు సరిపడా వస్తాయా? తీగకు ఆ శక్తి ఉందా? అన్నేళ్ళు గడ్డీ ఎరువూ తిన్న మట్టి ఆ మాత్రం మోస్తుందని ఆమె నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు. రెండోసారి తక్కువ కాస్తే తోట గుంటైపోతుంది.

చెప్పగానే మొగుడు టేపు మెడలో వేసుకుని తోటకు వచ్చాడు, కొలతలు తీసేవాడిలా వరుసలన్నీ తిరిగాడు. "సగం కొయ్యి, సగం ఉంచు. బట్ట కోసేముందు ఎవరైనా కాస్త ఎక్కువే వదులుకుంటారు" అన్నాడు.

"సగం కాస్తే మీ బావగారు సగం గుంటే తవ్వుతాడా?"

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయితే మొత్తం కొయ్యి" అని, ఇంటికి వెళ్ళి కత్తెరకు పదును పెట్టించుకొచ్చాడు.

కోత మొదలుపెట్టిన రోజు తీగలు చూడముచ్చటగా ఉన్నాయి. జానెడు పొడవు చిగుళ్ళు, వాటి మీద బుల్లి పూగుత్తులు. ద్రాక్ష రైతు ఏడాదంతా ఎదురుచూసేది ఆ పూగుత్తి కోసమే. దాన్ని కొయ్యడమంటే పాలుతాగే పిల్లను గిల్లినంత పాపంగా ఉంటుంది. ఆమెకూ అలాగే ఉంది. మొదటి చిగురు దగ్గర ఆగింది. ఆగినందుకు తనమీద తనకే ఒళ్ళు మండి కత్తెర నొక్కింది. తర్వాతది కోసింది. ఆ తర్వాతది కోసింది.

ఊళ్ళో కబురు పాకింది. షెడ్డులో పని వదిలేసి జనం దారి మీద చేరారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దెయ్యం పట్టిందిరా" అన్నారెవరో. అన్న పరుగున వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పిచ్చెక్కిందా? పూత కోస్తావా? తవ్వనివ్వడం ఇష్టం లేక నీ చేత్తో నువ్వే చంపుకుంటున్నావా?"

"చెయ్యి వదులు అన్నయ్యా."

"ఇది కోశావంటే ఇంక నీతో మాటల్లేవు. ఇవాళే బండి మాట్లాడేస్తాను."

"మాట్లాడుకో. ఎండ నా తోటను ఉడికిస్తుందా, నువ్వు తవ్వుతావా, నేను కోస్తానా అంటే, నేనే కోస్తాను. నా తోట నా చేతిలో పోతే పోనీ, చేతులు కట్టుకుని మాత్రం చూస్తూ కూర్చోను. వదులు."

అతను వదిలేశాడు. ఆమె మణికట్టు మీద అతని వేళ్ళ గుర్తులు పడ్డాయి. సాయంత్రం దాకా కోసింది, మర్నాడూ కోసింది. కింది తోట మొత్తం శీతాకాలంలోలా బోసిపోయింది. ఆ రాత్రుళ్ళు ఆమెకు భయంతో నిద్ర పట్టలేదు. పగలు మాత్రం ఎవరు అడిగినా గడ్డం ఎత్తే మాట్లాడింది.

అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. వదిన మాత్రం ఎవరూ చూడనప్పుడు మోటారు వేసి కింది తోటకు ఒక తడి ఇచ్చేది. తీగలు కొన్నాళ్ళు బెల్లం కొట్టిన రాయిలా ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. తర్వాత ఒక కణుపు కదిలింది, దాని తర్వాత తోటంతా కదిలింది. కొత్త చిగుళ్ళు, వాటిమీద కొత్త పూత. ఆమె రోజూ పొద్దున వరుసలన్నీ తిరుగుతూ తీగ తీగనూ పేరు పెట్టి పిలిచినట్టు పలకరించేది, కొన్నిటిని తిట్టేది కూడా.

వడగాలి వచ్చింది. సరిగ్గా అదే రోజుల్లో, అదే వేడితో. వీధుల్లో కుక్కలు కూడా బయటికి రాలేదు. అది వెళ్ళిపోయాక పై తోట వైపు చూడలేకపోయింది మొండత్త. గుత్తికి గుత్తి మాడిపోయి వేలాడుతున్నాయి. ఆమె తోటలో కాయలు శనగగింజలంతే ఉన్నాయి, గట్టిగా, పచ్చగా, ఆకుల కింద చల్లగా. గెలిచానని ఎగిరి గంతేయాలి నిజానికి. గంతు రాలేదు.

ఆ వారంలోనే జేసీబీ వచ్చింది. చప్పుడు విని ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, కింది తోట మొదట్లో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. చేతిలో కత్తెర ఉంది. కాయలు ఇంకా పండలేదు కాబట్టి కాపు రాలేదని అన్న అంటాడు, అంటే ఏమనాలో మాటలన్నీ కూడబలుక్కుని ఉంది. మొగుడు కూడా కుడుతున్న చొక్కా చేత్తో పట్టుకునే వచ్చి పక్కన నిలబడ్డాడు.

బండి కిందికి తిరగలేదు. పై తోటలోకి తిరిగింది. అన్న తన మొదటి వరుస దగ్గర నిలబడి డ్రైవరుకు చేత్తో చూపిస్తున్నాడు, ఇక్కడ నుంచి అక్కడ దాకా అని.

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఒక్క ఉదుటున దారి దాటింది.

"ఏం చేస్తున్నావు?"

ఇన్ని నెలల తర్వాత అన్న మాట్లాడాడు. "గుంట ఇక్కడే తవ్విస్తున్నా. ఎన్ని నీళ్ళు చేరితే అన్ని, పైన ఉంటే వాటంతటవే నీకు దిగుతాయి. కిందిది ఉంచుకోవే. నువ్వే గెలిచావు. ఇక్కడ ఇంకేం మిగల్లేదు."

అతని మాటల్లో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అలసట ఉంది. ఆమెకు అతని మీద జాలి కలగాలి. కలగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"గెలిచానా? నీ తోట పీకించుకుని ఆ గెలుపు నా మొహాన కొడతావా? అవి నాన్న పెట్టిన తీగలు. కిందివే నాన్నవి, పైవి ఎవరివో అనుకున్నావా?"

"వరసగా రెండేళ్ళు..."

"రెండేళ్ళు మాడితే చచ్చినట్టా? నావి ఎన్నేళ్ళు నవ్వులపాలయ్యాయో నీకు తెలీదా, నవ్వింది నువ్వేగా!" అని ఆమె నేరుగా వెళ్ళి జేసీబీ ఇనప తొట్టి ముందు, తీగకు వీపు ఆనించి నిలబడింది. డ్రైవరు గాభరాపడి బండి ఆపేశాడు.

"మరి నీళ్ళెలాగే?" అన్నాడు అన్న.

"అది రేపటి గొడవ. రేపు పోట్లాడుకుందాం, నేనెక్కడికీ పోను. ముందు నీ కత్తెర తియ్యి. మాడిన గుత్తులన్నీ దించెయ్యి. బరువు దించితే తీగ ఊపిరి పీల్చుకుంటుంది. చలికాలం రాగానే విత్తనాలు చల్లుదువు గాని. వద్దన్నావో, నేనే వచ్చి చల్లుతాను, అప్పుడు ఎవర్ని పిలుచుకుంటావో పిలుచుకో."

అన్న కళ్ళల్లో నీళ్ళు నిండాయి. జేబులు తడుముకున్నాడు, కత్తెర లేదు. తోట మీద ఆశ వదిలేసుకున్న మనిషి కత్తెర ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. అది చూసి మొండత్తకు మొదటిసారి గుండె తరుక్కుపోయింది. తన కత్తెర అతని చేతిలో కుక్కి, తను ఒట్టి చేతులతోనే మాడిన గుత్తులు తుంచడం మొదలుపెట్టింది. కుట్టు మాస్టారు చొక్కాను తీగ మీద వేలాడేసి పక్క వరుస అందుకున్నాడు.

డ్రైవరు సీట్లోంచి తొంగిచూశాడు. "మరి నేనేం చెయ్యాలమ్మా?"

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా" అంది మొండత్త తల తిప్పకుండా. "దిగి ఆ గంప పట్టుకో."